హోమ్ ప్లేట్ దగ్గర దారి ఎవరిది?

సంపాదకులకు,



పాఠశాల క్రీడల కోసం మన ఉమ్మడి చిత్తూరు జిల్లా సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ జట్లను ఎంపిక చేసేటప్పుడు ఒకే తగవు మళ్లీ మళ్లీ వస్తోంది. రన్నర్ పరుగు పూర్తి చేయడానికి హోమ్ ప్లేట్ వైపు పరుగెత్తుకొస్తాడు, క్యాచర్ బంతి కోసం గ్లవ్ చాచి నిలబడి ఉంటాడు, ఇద్దరూ గుద్దుకుంటారు. క్యాచర్ చేతిలోంచి బంతి జారితే సేఫ్, జారకపోతే ఔట్ అని అంపైర్ చెయ్యి చూపించేస్తాడు. ఇది సరైన పద్ధతి కాదు. ఈ ఏటి ఎంపికల నుంచే దీన్ని మానుకోవాలి.

బంతి జారిందా లేదా అన్నదొక్కటే లెక్కయితే, ఎంత గట్టిగా గుద్దితే అంత లాభం. ఆ సంగతి పిల్లలకు తెలియడానికి ఒక్క మ్యాచ్ చాలు.

అమెరికాలో పెద్దలు కూడా చాలా కాలం ఇలాగే ఆడారు. 1970 ఆల్‌స్టార్ మ్యాచ్‌లో పీట్ రోజ్ 12వ ఇన్నింగ్స్‌లో క్యాచర్ రే ఫాసీని గుద్ది గెలుపు పరుగు తీశాడు. ఆ భుజం నొప్పి ఫాసీని బతికినన్నాళ్లూ వదల్లేదు. అయినా నిబంధన మారలేదు. 2011 మే 25న శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ క్యాచర్ బస్టర్ పోసీని మార్లిన్స్ రన్నర్ స్కాట్ కజిన్స్ గుద్దాడు. పోసీ కాలి ఎముక విరిగింది, చీలమండ దగ్గర లిగమెంట్లు తెగాయి, ఆ సీజన్ అతనికి అక్కడితో ముగిసింది. చివరికి 2014లో అక్కడి మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో కొత్త నిబంధన వచ్చింది.

ఆ నిబంధన అంపైర్‌ను రెండు విషయాలు చూడమంటుంది. క్యాచర్‌ను గుద్దడానికే రన్నర్ తన దారి వదిలి పక్కకు వచ్చాడా? వస్తే, బంతి కింద పడ్డా సరే, అతను ఔట్; బంతి డెడ్, మిగతా రన్నర్లు వెనక్కి పోవాలి. బంతి చేతికి రాకముందే క్యాచర్ దారికి అడ్డం నిలబడ్డాడా? నిలబడితే రన్నర్ సేఫ్. విసిరిన బంతే ఆ దారిలోకి వచ్చి, దాన్ని అందుకోబోతూ క్యాచర్ అక్కడికి జరిగితే మాత్రం అది అడ్డుకోవడం కిందికి రాదు. భుజం వంచాడా, మోచేతులతో తోశాడా అన్నవి రన్నర్ ఉద్దేశాన్ని పట్టిస్తాయి. సాఫ్ట్‌బాల్‌లోనూ, బంతి చేతిలో ఉన్న ఫీల్డర్‌ను నిలువునా వచ్చి కావాలని గుద్దిన రన్నర్ ఔటే.

మన క్రికెట్‌లో దారి ఎవరిదన్న ప్రశ్నకు చోటు తక్కువ. 1999లో ఈడెన్ గార్డెన్స్‌లో షోయబ్ అఖ్తర్‌కు తగిలి సచిన్ రనౌట్ అయినప్పుడు, మూడో అంపైర్ చూడగలిగింది బ్యాటూ గీతా మాత్రమే. స్టేడియం భగ్గుమంది. 2022లో నేపాల్ కీపర్ ఆసిఫ్ షేక్, బౌలర్‌కు తగిలి పడిపోయిన ఐర్లండ్ బ్యాటర్‌ను రనౌట్ చేయకుండా వదిలేశాడు. అతనికి చేతులెత్తి మొక్కాలి. కానీ జిల్లా జట్టులో చోటు కోసం పోరాడే పిల్లవాడి నుంచి అంత పెద్దమనసు ఆశించి ఎంపికలు జరపలేం కదా.

‘ఆటన్నాక దెబ్బలు తగలవా? కబడ్డీలో పట్టుకుని పడేయడం లేదా?’ అని తోటి పీఈటీలే అంటుంటారు. కబడ్డీలో ఎదుటివాడు మీదికొస్తాడని ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ కాచుకునే ఉంటారు. క్యాచర్ కళ్లు మాత్రం దూరాన్నుంచి వచ్చే బంతి మీదే ఉంటాయి. పక్కనుంచి వచ్చే మనిషిని చూసేసరికే దెబ్బ తగిలి ఉంటుంది. అది ధైర్యానికి పరీక్ష ఎలా అవుతుంది?

మన మైదానాల సంగతి కూడా ఆలోచించాలి. గరుసు నేల, గులకరాళ్లు. స్లైడ్ చేస్తే తొడలు చీరుకుపోతాయని పిల్లలకు భయం, అందుకే నిలబడే దూసుకొస్తారు. నిజానికి ఆ నిబంధన స్లైడ్ చేసి తీరాలని అనదు. పక్కగా వంగి వచ్చి ప్లేట్ మూలను కాలితోనో చేత్తోనో తాకినా చాలు. దానికి క్యాచర్ ప్లేట్‌కు కాస్త ముందు నిలబడి దారి కనబడనివ్వాలి. ఈ రెండూ నేర్పవలసినవి. ప్రతి బడిలో లాంగ్‌జంప్ ఇసుక గుంట ఉంటే స్లైడ్ కూడా అక్కడే నేర్పొచ్చు.

మేజర్ లీగ్ వాళ్లకు న్యూయార్క్‌లో కూర్చుని వీడియో చూసేవాళ్లున్నారు. మనకున్నవి అంపైర్ కళ్లే. బంతి రాకముందే అతను మాస్క్ తీసి, క్యాచర్ వీపు వెనక నుంచి పక్కకు జరగాలి. క్యాచర్ పాదాలు, రన్నర్ వచ్చే గీత, బంతి, మూడూ ఒక్క చూపులో పడేచోట నిలబడాలి. వెనకే నిలబడిపోతే కనిపించేది పడినవాళ్లే.

కాబట్టి జిల్లా క్రీడాధికారులకు నా విన్నపం. ఎంపిక రోజు ఉదయం, మొదటి మ్యాచ్‌కు ముందు, అంపైర్ రెండు జట్లనూ ప్లేట్ దగ్గరికి పిలిచి రన్నర్ దారి ఏదో, క్యాచర్ ఎక్కడ నిలబడాలో చూపించాలి. కావాలని గుద్దిన ఆటగాణ్ని ఔట్ ఇవ్వడంతో సరిపెట్టక ఆ మ్యాచ్ నుంచి పంపేయాలి. ఎంపిక మ్యాచ్‌లకు ఇద్దరు అంపైర్లు తప్పనిసరి కావాలి. బేస్‌లు చూసుకుంటూ ప్లేట్ దగ్గర పాదాలు కూడా చూడటం ఒక్కరి వల్ల కాదు.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
పలమనేరు, చిత్తూరు జిల్లా.