రాగి తీశాకే కొలిమికి

విద్యుత్ ఆర్క్ ఫర్నేస్‌కు బొగ్గు గనులు, ఖనిజపు గుట్టలు అక్కర్లేదు. పాత కార్లు, కూల్చిన భవనాల కమ్మీలు, మూలపడిన ఏసీ డబ్బాలు చాలు. గ్రాఫైట్ ఎలక్ట్రోడ్ల కింద మండే ఆర్క్ వాటిని 1600 డిగ్రీల దగ్గర కరిగించి ఉక్కు చేస్తుంది. టన్నుకు 400 యూనిట్లకు అటూఇటూగా కరెంటు పడుతుంది. విశాఖ ఉక్కులో మాదిరి బ్లాస్ట్ ఫర్నేస్ నడిపితే టన్ను ఉక్కుకు రెండు టన్నుల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. తుక్కుతో చేస్తే అందులో మూడోవంతుకు మించదు.

యూఏఈలో ఇలాంటి ఫర్నేసులు నడిపే పెద్ద ఉక్కు కర్మాగారం అబుదాబి ముసఫాలోని ఎమ్‌స్టీల్. దాని సామర్థ్యం ఏటా 35 లక్షల టన్నులు. అక్కడి ఫర్నేసుల్లో ఎక్కువగా పడేది సహజవాయువుతో తయారయ్యే స్పాంజ్ ఐరన్. ఆ పనిలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను 2016 నుంచి అల్ రియాదా ప్లాంటు పట్టి చమురు క్షేత్రాలకు పంపుతోంది. ఇక తుక్కు సంగతి. 2020లో ప్రభుత్వం దాని ఎగుమతిని ఆపింది, తర్వాత టన్నుకు 400 దిర్హాముల రుసుము పెట్టింది. తుక్కు దేశం దాటకుండా చూడటానికి అది పనికొస్తుంది, తుక్కును శుభ్రం చేయదు.

అసలు చిక్కు రాగితో. ఫర్నేసులో ఆక్సిజన్ ఊదితే సిలికాన్, భాస్వరం వంటివి స్లాగ్‌లోకి పోతాయి. రాగి పోదు. ఆక్సిజన్‌తో కలవడానికి ఇనుముకున్న తొందర రాగికి లేదు మరి. బిల్లెట్‌ను కమ్మీగా సాగదీయడానికి 1100 డిగ్రీలు దాటించినప్పుడు పైనున్న ఇనుము పెచ్చులుగా మారిపోతుంది. వెనక మిగిలిన రాగి కరిగి, లోహపు రేణువుల సందుల్లోకి దిగి, రోలర్ల కింద పగుళ్లు తెస్తుంది. కట్టడాల కమ్మీ 0.4 శాతం దాకా రాగిని ఓర్చుకుంటుంది, కారు పైరేకు 0.06 శాతమే. పెట్రోలు కారులో 20 కిలోల దాకా రాగి ఉంటుంది. కారులో ఇనుము టన్ననుకుంటే, రాగి తీయకుండా నలగ్గొట్టిన ఆ ముద్దకు నాలుగు టన్నుల శుభ్రమైన తుక్కు కలపాలి. అప్పటికి గానీ అది కమ్మీకైనా పనికిరాదు. స్పాంజ్ ఐరన్ కలిపి పలచన చేయొచ్చు, కానీ అది తుక్కు మురికిని ఖరీదైన గ్యాసుతో కడగడమే.

రాగికి ఇనుము కంటే ఎన్నో రెట్ల ధర ఉన్నా యార్డులో ఎందుకు మిగిలిపోతుంది? ఏసీ కంప్రెసర్ చూస్తే తెలుస్తుంది. బయటికి నల్లరంగు ఉక్కు గుండు, చుట్టూ వెల్డింగు. లోపల నూనెలో తడిసిన రాగి తీగచుట్ట. కోసి తీయాలంటే మనిషి, కట్టరు, సమయం కావాలి. కోయకుండా ఇనుము గుట్టలోకి విసిరితే కాటా మీద ఆ రాగి కూడా ఇనుము బరువే తూగుతుంది. కారు డాష్‌బోర్డు వెనక జడలా అల్లుకున్న వైర్లదీ అదే దారి. మొత్తం బరువుకు ఒకే రేటున్నంత కాలం బేళ్ల నడుమ రాగి దాక్కుంటూనే ఉంటుంది.

కాబట్టి ఉక్కు మిల్లులు తుక్కును తరగతులవారీగా కొనాలి. రాగి శాతాన్ని బట్టి రేటును గేటు దగ్గరే రాసిపెట్టాలి. బేళ్లను అక్కడక్కడా విప్పి చూడాలి. కార్లను నలగ్గొట్టే ముందు బ్యాటరీ, మోటార్లు, వైర్లు తీసేశారన్న పత్రం తప్పనిసరి చేయాలి. ప్రతి లారీ రేడియేషన్‌ను పసిగట్టే గేటు గుండా రావాలి. 2010లో ఢిల్లీ మాయాపురిలో కోబాల్ట్-60 ఉన్న పాత యంత్రం తుక్కుగా చేరి ఒకరి ప్రాణం తీసింది. తడిసిన తుక్కు, మూతబిగించిన సిలిండర్లు ఫర్నేసులో పేలతాయి, వాటినీ ముందే ఏరేయాలి.

ఏరే పని చేతులది. యార్డుల్లో హెచ్చరికలు అరబిక్, ఇంగ్లిష్‌లతో ఆగకుండా తెలుగు, హిందీ, ఉర్దూ, బెంగాలీల్లోనూ, బొమ్మలతోనూ ఉండాలి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 వరకు ఎండలో పని నిషేధం ఇప్పటికే ఉంది. గాలాడే నీడషెడ్డు వేస్తే వైర్లు ఏరడం, మోటార్లు విప్పడం అక్కడికి మార్చుకోవచ్చు. ఆ షెడ్డు ఖర్చు, ఏరేవాళ్ల కూలీ యార్డు యజమానికి రాబట్టుకునే వీలుండాలంటే మిల్లు ఇచ్చే కాటా చీటీలో బరువు పక్కన తరగతికీ ఒక గడి ఉండాలి, దాని పక్కన ఆ తరగతి రేటూ ఉండాలి.