కింతూర్ పారిజాతం: ఒక ఆఫ్రికా చెట్టు

ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ జిల్లా కింతూర్‌లో పారిజాతం పేరుతో పూజలందుకుంటున్న మహావృక్షం నిజానికి బావోబాబ్. శాస్త్రీయ నామం అడన్సోనియా డిజిటాటా. కుంతి పూజకు పూలు కావాలంటే అర్జునుడు దీన్ని స్వర్గం నుంచి తెచ్చాడని స్థలపురాణం. కృష్ణుడు సత్యభామ కోసం తెచ్చాడని మరో కథ. నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’ వల్ల ఈ రెండోది తెలుగువారికి బాగా తెలిసిన కథే. చెట్టు కోరికలు తీరుస్తుందని, కాయ కాయదని, ఇలాంటిది లోకంలో మరొకటి లేదని నమ్మకం. వీటిలో పరీక్షకు వీలున్నవి చాలానే ఉన్నాయి.

మొదటిది, చెట్టు ఒక్కటే కాదు. ప్రయాగ దగ్గర ఝూసీలో, మధ్యప్రదేశ్‌లోని మాండూలో, కర్ణాటకలోని సవణూరులో బావోబాబ్‌లున్నాయి. గోల్కొండ నయాఖిలాలో ‘హాతియాన్ కా ఝాడ్’ అని పిలిచేదీ ఇదే. దాని మొదలు చుట్టుకొలత సుమారు 27 మీటర్లు. ఈ జాతి పుట్టిల్లు ఆఫ్రికా. సముద్ర వర్తకంతో మనుషుల చేతుల మీదుగా భారతదేశానికి వచ్చింది.

రెండోది, పువ్వు. పెరటి పారిజాతం చిన్న చెట్టు. నారింజరంగు కాడలున్న పూలు తెల్లవారేసరికి నేల రాలతాయి. బావోబాబ్ పువ్వు అరచేయంత ఉంటుంది. పొడవాటి కాడకు తలకిందులుగా వేలాడుతూ పొద్దుగూకే వేళ విచ్చుకుంటుంది. ముడతలు పడ్డ తెల్లని రేకుల కింద కేసరాలు బంతిలా గుబురుకట్టి ఉంటాయి. దాని ఘాటు వాసనకు గబ్బిలాలు వస్తాయి. మర్నాటికి రేకులు గోధుమరంగుకు తిరిగి వాడిపోతాయి.

మూడోది, వయసు. మొదలు లావును బట్టి వేల ఏళ్లని లెక్కకట్టడం కుదరదు. బావోబాబ్‌లో అనేక కాండాలు కలిసిపోయి ఒకే మానుగా కనిపించవచ్చు. 2020లో వెలువడిన కార్బన్ పరీక్షల ప్రకారం కింతూర్, ఝూసీ చెట్ల వయసు సుమారు 800 ఏళ్లు. ఆ లెక్కన అవి 13వ శతాబ్దం నాటివి. అర్జునుడి కాలానికి అందవు.

నాలుగోది, కాయ. ప్రతి పువ్వులోనూ ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. అయితే సొంత పుప్పొడితో సాధారణంగా కాయ కట్టదు. చుట్టుపక్కల మరో బావోబాబ్ లేని ఒంటరి చెట్టు గొడ్డుపోవడంలో మహిమేమీ లేదు. ఇక కోరికల సంగతి: తీరినవారు మళ్లీ వచ్చి మొక్కు చెల్లిస్తారు, తీరనివారిని లెక్కపెట్టేవారుండరు.

ఆఫ్రికాలోనూ కథలకు కొదవ లేదు. దేవుడు కోపంతో పీకి తలకిందులుగా పాతాడని, పువ్వు కోస్తే సింహం తింటుందని చెబుతారు. నిజానికి వానలు లేని కాలంలో నీటిని ఆదా చేయడానికి చెట్టు ఆకులు రాల్చేస్తే మిగిలిన కొమ్మలు వేళ్లలా కనిపిస్తాయి. మెత్తని మానులో దాచుకున్న నీటితో వానలకు ముందే చిగురిస్తుంది.

అక్కడి వాడకాలను కూడా ఇదే గీటురాయి మీద పెట్టాలి. పశ్చిమాఫ్రికాలో ఆకులను ఎండబెట్టి, పొడిచేసి పులుసులో వేస్తారు. హౌసా వారు దాన్ని కూకా అంటారు. బెరడు నారతో తాళ్లు పేనుతారు. ఒలిచిన చోట బెరడు మళ్లీ వస్తుంది. పుల్లని గుజ్జులో విటమిన్-సి ఉంది. ఇవన్నీ అనుభవానికి, పరీక్షకు నిలిచినవే. బెరడు కషాయం మలేరియాను నయం చేస్తుందన్నది నిలవలేదు. నారింజకంటే ఎన్నో రెట్లు విటమిన్ అనే ‘సూపర్‌ఫుడ్’ ప్రచారం ఎండు గుజ్జును రసం నిండిన పండుతో పోలుస్తుంది. ఇది కొత్త మూఢనమ్మకం.

భక్తి వల్లే చెట్టు బతికిందనే వాదనలో కొంత నిజముంది: పవిత్రమన్న చెట్టుకు గొడ్డలి తగలదు. కానీ కరువు ముందు ఆ రక్షణ చెల్లదు. 2018లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం, ఆఫ్రికాలోని 13 అతిపురాతన బావోబాబ్‌లలో 9 అంతకుముందు 12 ఏళ్లలోనే పూర్తిగానో, కొంతమేరనో కూలిపోయాయి. వాతావరణ మార్పు కారణమై ఉండవచ్చని పరిశోధకులు అనుమానించారు. అలాంటి ముప్పును ఎదుర్కోవాలంటే చెట్టు పుట్టుక, వయసు, నీటి అవసరం సరిగ్గా తెలిసి ఉండాలి.