గింజ లేని పుచ్చకాయ, పొరుగింటి వాటా

పాఠం ముగిశాక ఒక విద్యార్థి సందేహిస్తూ మా దగ్గరకు వచ్చాడు. "హజ్రత్, అమ్మీ అడిగి రమ్మన్నారు. గింజలు లేకుండా పండించిన తర్బూజ్ తినవచ్చా? అది అల్లాహ్ సృష్టిని మార్చడం కాదా?" శాలిబండ బజారులో తోపుడుబండ్ల మీద కనిపించే చిన్న పుచ్చకాయ వారింటికీ చేరిందన్నమాట.

ప్రశ్న మంచిదే. ఇటువంటి పండు గురించి జపాన్ శాస్త్రవేత్త హితోషి కిహారా 1951లో వివరాలు ప్రకటించారు. మామూలు పుచ్చ మొక్క కణంలో 22 క్రోమోజోములుంటాయి. కొల్చిసిన్ అనే పదార్థంతో వాటిని 44 చేసి, ఆ మొక్కను తిరిగి మామూలు మొక్కతో సంకరపరిస్తే 33 ఉన్న విత్తనం వస్తుంది. అవి సరిగా జతపడవు గనుక పండులో గింజ గట్టిపడదు, తెల్లని లేత పొట్టు మాత్రం మిగులుతుంది. కంచరగాడిదకు సంతానం కలగకపోవడం వంటిదే ఇది. ఇందులో మరో జీవి జన్యువును చొప్పించడం లేదు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వారి 'అర్క మధుర', కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి 'శోణిమ' ఈ కోవలోనివే. అయితే చిన్న పండ్లన్నీ గింజ లేనివి కావు. 'షుగర్ బేబీ' చిన్నదే, దానికి గింజలుంటాయి. అలాంటిదాన్ని గింజ లేనిదని చెప్పి అమ్మితే అది మోసం, పాపం.

ఈ తీగ పుప్పొడి పనికిరాదు. అందుకే రైతు పక్క సాలులో గింజల పుచ్చ వేస్తాడు. తేనెటీగలు అక్కడి పుప్పొడి తెస్తేనే కాయ నిలుస్తుంది. ఈ సంగతి తెలిసినప్పుడు మాకు మదీనా ఖర్జూర తోటలు గుర్తుకు వచ్చాయి. అక్కడివారు చేసే పరాగ సంపర్కం గురించి దైవప్రవక్త (సఅసం) ఒక అభిప్రాయం వెలిబుచ్చగా వారు ఆ పని మానుకున్నారు, దిగుబడి తగ్గింది. అప్పుడు ఆయన, ప్రాపంచిక వ్యవహారాలు మీకే బాగా తెలుసునని వారికి చెప్పారు. ఇది సహీహ్ ముస్లింలో ఉంది. కనుక ఈ పండు నిస్సందేహంగా హలాల్.

మా ఆలోచన గింజ గురించి కాదు, పరిమాణం గురించి. మా బాల్యంలో పెద్ద పుచ్చకాయ కోస్తే మగ్రిబ్‌కు ముందే గుడ్డ కప్పిన పళ్ళేలు నాలుగిళ్ళకు వెళ్ళేవి. అదంతా ఔదార్యమేనని చెప్పలేము. ఇంట్లో ఫ్రిజ్ లేదు, కోసిన పండు మర్నాటికి నిలవదు! ఇప్పుడు రెండు కిలోల పండు నలుగురి ముందే అయిపోతుంది, పళ్ళెం గడప దాటదు. పండును తప్పుపట్టలేము. బరువు మోయలేని వృద్ధులకు, చిన్న కుటుంబాలకు అది ఎంతో సదుపాయం. కానీ కూరలో నీళ్ళు ఎక్కువ పోసి పొరుగువారిని గుర్తుంచుకోమని దైవప్రవక్త (సఅసం) హజ్రత్ అబూజర్ (రజి)కు ఉపదేశించారు. కూరలో నీళ్ళు పోయవచ్చు, పుచ్చకాయలో పోయలేము కదా.

"రెండు కొనమని అమ్మీతో చెప్పు, ఒకటి పొరుగింటికి" అన్నాము. కుర్రవాడు తల దించుకున్నాడు. "రెండు కొనలేము హజ్రత్."

అయితే సగం పంపమన్నాము. వాళ్ళ ఎదురింట్లో ఒక వృద్ధురాలు ఒంటరిగా ఉంటోందట. ఆమెకు సగం చాలు.