‘ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా?’

అబ్బాయి ఏడిస్తే చాలా ఇళ్ళలో వినిపించే మొదటి మాట ఇదే. మోకాలు చీరుకుపోయినా, మార్కులు తగ్గినా, ప్రాణస్నేహితుడు బడి మారిపోయినా ఈ మాట మారదు. ఇంకాస్త కోపం వస్తే ‘గాజులు తొడుక్కో పో’ అంటారు. మదనపల్లెలో గానీ, పుంగనూరులో గానీ, కుప్పంలో గానీ ఈ రెండు మాటలూ వినకుండా పెరిగిన మగపిల్లవాడు అరుదు. వీటిని అనేది పరాయివాళ్ళు కాదు. పిల్లల మీద ప్రాణం పెట్టుకున్న నాయనలు, తాతలు, ఒక్కోసారి అమ్మలు. అందుకే ఈ నెల తల్లిదండ్రులతో దీని గురించి మాట్లాడాలనిపించింది.

అందుకు ఒక నవల సాయం తీసుకుంటాను. నైజీరియా రచయిత చినువా అచెబె 1958లో ప్రచురించిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’. అది ఇగ్బో పల్లెల కథ. తెల్లవాళ్ళ పాలన, మిషనరీలు వచ్చాక ఆ పల్లెల బతుకు ఎలా చెదిరిపోయిందో చెప్పే పుస్తకంగా కాలేజీల్లో దాన్ని చదివిస్తారు. అది నిజమే. కానీ అమ్మానాన్నలుగా చదివితే అందులో ఇంకో కథ కనిపిస్తుంది. తండ్రిలా కాకూడదని జీవితమంతా పోరాడిన ఒక మనిషి, ఆ పోరాటంలోనే తన కొడుకును పోగొట్టుకున్న కథ.

అప్పుల తండ్రి, భయపడే కొడుకు

ఒకోంక్వోది ఉమువోఫియా. పద్దెనిమిదేళ్ళకే, ఏడేళ్ళుగా ఓటమి ఎరగని మల్లయోధుణ్ణి పడగొట్టాడు. అతని తండ్రి ఉనోకాకు పిల్లనగ్రోవి వాయించడమంటే ఇష్టం, సేద్యం మీద శ్రద్ధ లేదు. ఊరంతా అప్పులు. చిన్నప్పుడు తోటిపిల్లవాడు ఒకడు ఉనోకాను ఆడదానితో పోల్చి ఎగతాళి చేశాడు. ఆ మాటకు ఇగ్బోలో బిరుదేమీ లేని మగవాడనే అర్థం కూడా ఉంది. ఒకోంక్వో ఆ అవమానాన్ని ఎప్పటికీ మరిచిపోలేదు. తండ్రి నుంచి ఆస్తి ఏమీ రాలేదు. ఊళ్ళో ఒక మోతుబరి దగ్గర 800 విత్తన పెండలాలు పాలుకు తెచ్చుకుని సేద్యం మొదలుపెట్టాడు. పెండలం అక్కడ మగవాడి పంట. ఆ ఏడే ఎన్నడూ లేని ఎండలు, ఆ వెంటనే ఆగని వాన. అయినా తట్టుకుని నిలబడ్డాడు.

ఈ కథ మనకు కొత్తేమీ కాదు. చెనక్కాయ వేసి ఆకాశం వైపు చూసిన తాతలు మన ఇళ్ళలో ఉన్నారు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టులో టమోటా కిలో నూటయాభై రూపాయలు దాటడం చూశాం. కోత కూలి కూడా గిట్టక అదే టమోటాను రోడ్డు పక్కన పారబోసిన రోజులూ చూశాం. ‘నా కష్టం నా కొడుక్కి రాకూడదు’ అనుకుని ఫీజులు కడుతున్న నాయనలు మన బడిలో ఎంతోమంది. ఆ పట్టుదలకు చేతులెత్తి మొక్కాలి. కానీ దాని అడుగున భయం ఉంటే, అది పిల్లవాడి మీద కోపమై దిగుతుంది.

ఒకోంక్వో ఇంట్లో జరిగింది అదే. పెద్దకొడుకు న్వోయె మెత్తని పిల్లవాడు. నాయన చెప్పే యుద్ధాల కథలకన్నా అమ్మ చెప్పే తాబేలు కథలే వాడికి ఇష్టం. నాయన ముందు మాత్రం అవి నచ్చనట్టు నటించేవాడు. ఒకోంక్వోకు ఆ పిల్లవాడిలో తన తండ్రే కనిపించి తిట్టేవాడు, కొట్టేవాడు. కూతురు ఎజిన్మా అంటే ప్రాణం. ఆ ప్రేమను బయటపెట్టలేక, ఇది మగపిల్లవాడై పుట్టుంటే బాగుండునని లోలోపల అనుకునేవాడు. ఈ మాట మాత్రం మనం విననిదా?

అడిగింది సంప్రదాయమా, భయమా?

‘మగవాడు గట్టిగా ఉండాలి, అది మన సంప్రదాయం’ అని కొందరంటారు. ‘తప్పంతా సంప్రదాయానిదే’ అని ఇంకొందరంటారు. ఈ నవల రెండు మాటల్నీ ఒప్పుకోదు. ఆ ఊళ్ళో క్రూరమైన ఆచారాలున్నాయి. కవలలు పుడితే అడవిలో వదిలేస్తారు. కానీ మగవాడికి పగ్గం వేసే ఆచారాలూ ఉన్నాయి. విత్తనాలకు ముందు వచ్చే శాంతి వారంలో భార్యను కొట్టినందుకు ఒకోంక్వోకు జరిమానా పడింది. ఒక ఆడమేక, ఒక కోడిపెట్ట, ఒక గుడ్డ, వంద గవ్వలు.

పొరుగూరి నుంచి వచ్చి మూడేళ్ళు అతని ఇంట్లో పెరిగి, అతణ్ణి నాయనా అని పిలిచిన పిల్లవాడు ఇకెమెఫునా. వాణ్ణి చంపాలని దేవత ఆజ్ఞ అయింది. ఊరి పెద్ద ఒకాయన వచ్చి, ఒకోంక్వో అందులో చెయ్యి పెట్టకూడదని హెచ్చరించి పోయాడు. స్నేహితుడు ఒబియెరికా వెళ్ళలేదు, ఇంట్లోనే ఉండిపోయాడు. అందువల్ల అతని పరువేమీ తగ్గలేదు. ఒకోంక్వో మాత్రం వెళ్ళాడు. తనను మెత్తనివాడంటారేమోనని తానే కత్తి ఎత్తాడు. అతని చేత ఆ కత్తి ఎత్తించింది సంప్రదాయం కాదు, భయం. ఆ రాత్రి న్వోయె లోపల ఏదో తెగిపోయింది. కొన్నేళ్ళకు తండ్రిని వదిలి మిషనరీల దగ్గరికి వెళ్ళిపోయాడు.

మన సంప్రదాయాన్నీ ఇంత జాగ్రత్తగానే చూడాలి. ‘గాజులు తొడుక్కో’ అనే తిట్టు మనదే. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్ళు చీర కట్టి, గాజులు వేసుకుని, పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకునే ఆచారమూ మనదే. ఆడపిల్లలను వేధించిన పాలెగాణ్ణి వెతికి మరీ చంపిన అమ్మవారి కథ ఆ జాతరకు మూలం. అంటే అక్కడ గాజులు శక్తికి గుర్తు. కుప్పంలో, పుంగనూరులో ఏటా గంగమ్మ జాతర చేసుకునే మనం, అమ్మవారికి మొక్కి ఇంటికొచ్చి అదే గాజులను తిట్టుగా వాడడం ఎలా కుదురుతుంది?

పొరపాటున ఒక పిల్లవాడి చావుకు కారణమై ఏడేళ్ళు ఊరు వదలాల్సి వచ్చినప్పుడు, ఒకోంక్వో వెళ్ళింది అమ్మ పుట్టిన ఊరికే. ఆదరించింది మేనమామ. కష్టంలో మనిషికి అమ్మే దిక్కని బోధపరిచిందీ ఆయనే. మన ఇళ్ళలోనూ చెవులు కుట్టించేది మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టే కదా. అప్పుడు పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తాడు. ‘నువ్వు మగవాడివి, ఏడవకూడదు’ అని ఆ రోజు ఎవరూ అనరు. ఏడవడానికి ఒక ఒడి ఉండాలని మన పెద్దలకు తెలుసు.

మెత్తగా పెంచితే నెగ్గుకొస్తాడా?

ఇది చాలామంది నాయనల ప్రశ్న, న్యాయమైన ప్రశ్నే. ఒకోంక్వో ఆ ఊళ్ళో అందరికన్నా గట్టివాడు. కాలం మారినప్పుడు వంగలేక, ఎవరితోనూ చెప్పుకోలేక, చివరికి తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆచారం అడ్డొచ్చి సొంతవాళ్ళు అతని శవాన్ని కూడా తాకలేకపోయారు. ఒబియెరికా నిలబడ్డాడు. అతను పిరికివాడు కాదు, ఆలోచించే మనిషి.

మన చిత్తూరు జిల్లా రచయిత డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’లో, తప్పిపోయిన సూడి పంది కోసం ఒక ముసలాయన రాత్రివేళ అడవిలో పడే పాట్లు రాశారు. అదీ ధైర్యమే. కొట్టడానికి ఎంత ధైర్యం కావాలో, కాపాడడానికి అంతకన్నా ఎక్కువే కావాలి.

2022లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్నవాళ్ళలో పదికి ఏడుగురు మగవాళ్ళేనని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. కారణాలు ఎన్నో ఉంటాయి. కానీ బాధను నోటితో చెప్పడం చిన్నప్పుడే మాన్పించేస్తే, ముప్పై ఏళ్ళకు అప్పు గురించో, ఉద్యోగం గురించో చెప్పుకోవడం ఎక్కడి నుంచి వస్తుంది?

కాబట్టి ఇంట్లో ఈ చిన్న పనులు చేసి చూడండి. అబ్బాయి ఏడిస్తే ముందు ‘ఏమైంది నాయనా?’ అని అడగండి. అన్నం తిన్న తట్ట కడగడం, చెల్లెలికి జడ వెయ్యడం వాడికీ నేర్పండి. నాయనలు తమ జీవితంలో ఓడిపోయిన ఒక సంగతిని కొడుక్కి చెప్పండి. వాళ్ళకు మన గెలుపులే తెలుసు. పిల్లవాడు రోజుల తరబడి మాట్లాడకుండా, తినకుండా ఉంటే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. బడికీ నాది ఇదే మాట: ర్యాంకు పడిపోయిన అబ్బాయిని నలుగురిలో నిలబెట్టి మందలించడం వల్ల వాడు గట్టిపడడు, దాచుకోవడం నేర్చుకుంటాడు.

వచ్చే వారం ప్రోగ్రెస్ కార్డులు ఇళ్ళకు వస్తాయి. కార్డు తెరిచే ముందు ఒక్కసారి వాడి మొహం చూడండి.

(రచయిత మదనపల్లె బ్రాంచిలో హైస్కూలు తరగతులకు ఇంగ్లీషు చెబుతారు.)