మానిన కుట్టు కింద

కడుపు కోసి ఆపరేషన్ చేయించుకున్న ఏడాదికో, రెండేళ్లకో ఆ మచ్చ వద్ద మెత్తని ఉబ్బు కనిపించవచ్చు. నిలబడితే, దగ్గితే పైకి వస్తుంది; వెల్లకిలా పడుకుంటే లోపలికి పోతుంది. నొప్పి లేదు కదా అని చాలామంది దాన్ని కొవ్వుగడ్డగా భావించి ఊరుకుంటారు. మన ఇళ్లలో స్త్రీలైతే భర్తకు సైతం చెప్పకుండా దాచుకోవటం మేము ఎరిగిన విషయమే.

వైద్యులు దీన్ని ఇన్సిజనల్ హెర్నియా అంటారు. చర్మం కొద్ది రోజుల్లోనే అతుక్కుంటుంది గాని, దాని కింద పొట్టను పట్టి ఉంచే గట్టి పొర బలం పుంజుకోవటానికి నెలలు పడుతుంది. మునుపటి బలం పూర్తిగా రాదు కూడా. కుట్టుకు చీము పట్టినా, మధుమేహం అదుపులో లేకున్నా, స్థూలకాయం, పొగత్రాగే అలవాటు, విడవని దగ్గు, మలబద్ధకం ఉన్నా ఆ పొర ఒకచోట విడిపోయే అవకాశం పెరుగుతుంది. ఆ సందులోంచి కొవ్వు, ఒక్కోసారి పేగు, చర్మం కిందికి తోసుకువస్తాయి. పొట్ట నడుమ నిలువుగా కోసిన చోట ఇది ఎక్కువ; సిజేరియన్‌కు పొత్తికడుపు దిగువన అడ్డంగా కోస్తే తక్కువ. బిందె ఎత్తినందుకే వచ్చిందని కోడలిని నిందించే అత్తగార్లు ఈ కారణాలన్నిటినీ మరొక్కసారి చదవాలని మా మనవి.

పరపురుషునికి చూపటానికి సంకోచించే సోదరీమణులు వైద్యురాలిని అడగవచ్చు. ఆమె దొరకనప్పుడు అవసరమైనంత మేరకు వైద్యునికి చూపటానికి షరీఅత్ అనుమతిస్తుంది.

బెల్టు ఉబ్బును అదిమి ఉంచుతుందే గాని సందును పూడ్చదు. తైలాలూ అంతే. సందు మూయాలంటే శస్త్రచికిత్స కావాలి. నెదర్లాండ్స్ వైద్యులు 2000లో ప్రచురించిన అధ్యయనంలో, వట్టి కుట్లు వేసినవారిలో 43 శాతం మందికి, మెష్ అనే జాలీ అమర్చినవారిలో 24 శాతం మందికి మూడేళ్లలో హెర్నియా తిరగబెట్టింది. జాలీ మేలే గాని పూర్తి భరోసా కాదు. అందుకే బరువు తగ్గమని, చక్కెర అదుపు చేసుకోమని, సిగరెట్ మానమని సర్జన్ తేదీ వాయిదా వేస్తే విసుక్కోరాదు. అదీ చికిత్సలో భాగమే. చిన్నదై, బాధించనిదైతే కొందరిని గమనిస్తూ ఉండమని కూడా చెబుతారు. ఆ నిర్ణయం పరీక్షించిన వైద్యుడు చెప్పవలసినదే గాని ఇంట్లో మనం చేసుకునేది కాదు.

ఒక్క సందర్భంలో మాత్రం వాయిదాకు తావు లేదు. ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోయినా, తీవ్రమైన నొప్పి వచ్చినా, పైచర్మం ఎర్రబడినా, వాంతులు మొదలై మలం, అపానవాయువు ఆగిపోయినా పేగు ఇరుక్కుందని అనుమానించాలి. రక్తప్రసరణ నిలిచిన పేగు గంటల వ్యవధిలోనే కుళ్లవచ్చు. ఇంట్లో అదిమి లోపలికి నెట్టకుండా, ఏమీ తినిపించకుండా, తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.