కుకమ్ వీధుల్లో క్రీస్తు

ఇంగ్లండులో థేమ్స్ నది ఒడ్డున కుకమ్ అనే చిన్న ఊరుంది. 1891లో అక్కడ పుట్టిన చిత్రకారుడు స్టాన్లీ స్పెన్సర్‌కు బైబిలు కథలు ఆ వీధుల్లోనే జరుగుతున్నట్టు కనిపించేవి. లండన్ స్లేడ్ కళాశాలలో తోటి విద్యార్థులు ఆయన్ని ఊరి పేరుతోనే పిలిచేవారు.

1927లో ఆయన ముగించిన ‘పునరుత్థానం, కుకమ్’ చిత్రం వెడల్పు దాదాపు 18 అడుగులు. అందులో మృతులు ఆ ఊరి చర్చి ఆవరణలోని సమాధుల్లోంచే, నిద్ర లేచినంత తీరిగ్గా పైకి వస్తుంటారు. ఎవరి ముఖంలోనూ బెదురు కనిపించదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన ముందు బ్రిస్టల్ ఆస్పత్రిలో, ఆ తర్వాత మాసిడోనియాలో పనిచేశారు. ఆ జ్ఞాపకాలన్నీ బర్‌క్లేర్‌లోని శాండమ్ స్మారక ప్రార్థనాలయం గోడలకెక్కాయి. 1932లో పూర్తయిన ఆ చిత్రాల్లో తుపాకుల మోత లేదు. నేల తుడిచేవాళ్లు, రొట్టెలకు జామ్ రాసేవాళ్లు ఉన్నారు. బలిపీఠం వెనక గోడ నిండా, తిరిగి లేచిన సైనికులు తమ తెల్ల శిలువలను క్రీస్తుకు అప్పగిస్తుంటారు. ఆ క్రీస్తు రూపం ఎంత చిన్నదో! ఇరవయ్యో శతాబ్దపు భక్తి చిత్రాల్లో ఇంతటి కరుణ అరుదు.

‘సర్’ బిరుదు అందుకున్న 1959లోనే స్పెన్సర్ కన్నుమూశారు. చిన్నప్పుడు ఆయన వెళ్లిన వెస్లియన్ ప్రార్థనా మందిరమే నేడు ఆయన పేరిట చిత్రశాల.

ఈ సంచిక ముఖచిత్ర కథనం ఆయన గురించే. ముందు బొమ్మలు చూడండి, వ్యాసం తర్వాత చదవండి.