ఆ ఒక్క పాఠానికైనా తెలుగును రానివ్వండి



ఇంగ్లీషు పీరియడ్‌లో తెలుగు వినబడకూడదని మా కొత్తపేట వైపు కొన్ని బళ్ళలో పట్టు పడుతున్నారు. మిగతా పాఠాల మాటెలా ఉన్నా, ఇన్ఫినిటివ్ (‘టు’ రూపం), జెరండ్ (‘ఇంగ్’ రూపం) పాఠానికి ఆ పట్టు చేటు చేస్తోంది.

వాంట్, డిసైడ్, హోప్ పక్కన ‘టు’, ఎంజాయ్, ఫినిష్, అవాయిడ్ పక్కన ‘ఇంగ్’ అని పిల్లలు ఎక్కాల్లా వల్లిస్తారు. బిట్ పేపరు రాసేశాక మరిచిపోతారు. ఇంట్లో మాట్లాడే మాటల్లోనే ఆ తేడా ఉందని వాళ్లకి చెప్పేవారేరీ? ‘ఈదాలని ఉంది’ అంటే వాంట్ టు స్విమ్. ‘ఈదడం ఇష్టం’ అంటే ఎంజాయ్ స్విమ్మింగ్. ‘వెళ్ళడానికి ఒప్పుకున్నాడు’ అగ్రీడ్ టు గో, ‘చదవడం పూర్తిచేశాడు’ ఫినిష్డ్ రీడింగ్. ‘ఆలని’, ‘డానికి’ వచ్చినచోట చాలావరకు ‘టు’, ఉత్త ‘డం’ దగ్గర ‘ఇంగ్’.

అర్థమే మారిపోయే క్రియల దగ్గర తెలుగు మరీ అక్కరకొస్తుంది. ‘తాళం వేయాలని గుర్తుంది’ అంటే రిమెంబర్ టు లాక్, ‘వేసినట్టు గుర్తుంది’ అంటే రిమెంబర్ లాకింగ్. రాజోలు, మలికిపురం నుంచి గల్ఫ్‌కి డ్రైవర్లుగా వెళ్ళేవాళ్ళున్నారు. ‘తాగుడు మానేశాను’ అనబోయి ఇంటర్వ్యూలో ‘ఐ స్టాప్డ్ టు డ్రింక్’ అంటే, బండి ఆపి మరీ తాగానని చెప్పినట్టు! అలాంటి డ్రైవరుకి బండి ఎవరిస్తారు?

తెలుగు తోడుంటే ఇంగ్లీషు పాడవుతుందనేవారు సి.పి. బ్రౌన్‌ని తలుచుకోవాలి. రాజమండ్రిలో కొలువు చేసిన ఆ దొర 1840లో అచ్చువేసిన తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులోనే రాశాడు. దొరలు తమ భాష మీదుగా మన భాష నేర్చుకోవచ్చు గానీ, మన పిల్లలు మన భాష మీదుగా వాళ్ళది నేర్చుకోకూడదా? ఇంగ్లీషు కోసమని 2023లో సర్కారు బళ్ళకి టోఫెల్ పరీక్ష తెచ్చారు, ప్రభుత్వం మారాక తీసేశారు. పెద్ద పథకాల వరస ఎప్పుడూ ఇంతే. ఆ ఒక్క పాఠంలో తెలుగు వాడనివ్వమని నేనడిగేదానికి జీవో కూడా అక్కర్లేదు.

తెలుగును నమ్ముకుంటే తప్పటడుగు పడే చోట్లూ ఉన్నాయి. ‘వెళ్దామని సూచించాను’ని పట్టుకుని సజెస్టెడ్ టు గో అంటే తప్పు, సజెస్టెడ్ గోయింగ్ అనాలి. లుక్ ఫార్వర్డ్ టు, యూజ్డ్ టు (అలవాటు పడటం అనే అర్థంలో) పక్కన ‘టు’ కనబడుతున్నా తర్వాత వచ్చేది ‘ఇంగ్’ రూపమే. ఇలాంటివి తక్కువే కాబట్టి మాస్టార్లు వాటిని మాత్రం నల్లబల్ల మూల రాసి ఏడాదంతా ఉంచితే చాలు.

ఇట్లు,
విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుడు,
కొత్తపేట, కోనసీమ